రెండు పేర్ల ముసలమ్మ

పోయిన వారం కథ వెలుగుతోట గేటు ముందు ఆటో ఆగడం దగ్గర తెగింది. మధ్యలో వచ్చి కలిసినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. వెలుగుతోట అంటే ధర్మసాగర్ దాటాక మక్కచేన్ల మధ్య ఉన్న ఆడపిల్లల ఇల్లు. నా అన్నవాళ్లు లేని పిల్లలు, ఉన్నా సాకలేక పంపిన పిల్లలు ముప్పైమందికి పైగా ఉంటారు. చూసుకునేది హెప్సిబా మేడం. తెనాలి వైపు మనిషి, నిరుడు దసరాకు చర్చి ట్రస్టు పంపితే వచ్చింది. నేను వాసంతిని. సుబేదారిలో ఇల్లు. బ్యాంకు ఉద్యోగం చాలించుకున్నాక ఈ మధ్యనే శనివారాలు ఇక్కడ జీతం లేని పనికి కుదిరాను. "ఆ పనేదో ఇంట్ల చెయ్యరాదా?" అంటాడు మా ఆయన రాంప్రసాద్. ఇంట్లో చేస్తే 'ఆంటీ, ఆంటీ' అని వెంటపడేవాళ్లు ఎవరున్నారు?

ఇక సహస్ర. ఆరేళ్లది. పోయిన చలికాలంలో హన్మకొండ బస్టాండులో బెంచీ మీద ఒక్కతే కూర్చుని దొరికింది. తన పేరు చెప్పింది. బాపు చచ్చిపోయిండని చెప్పింది. "మా అవ్వ వస్తది" అని చెప్పింది. ఇంతకు మించి ఎవరెంత అడిగినా నోరు విప్పలేదు. ఆ వచ్చే అవ్వ కోసం కొన్నాళ్లు వెతికారు, ఎవరూ రాలేదు. అందుకని సోమవారం దాన్ని హైదరాబాదులో దత్తత ఇచ్చే చోటికి తీసుకుపోతామని అధికారుల నుంచి కబురొచ్చింది. ఈలోపు దాని రక్తసంబంధం ఎవరైనా వస్తే ఆగుతుంది, లేకపోతే ఎవరింటి బిడ్డో అయిపోతుంది. అట్లాంటి సమయంలో, శనివారం మధ్యాహ్నం, తలనిండా కొంగు కప్పుకున్న ఒక ముసలామె ఆటో దిగి గేటు పట్టుకుని నిలబడింది. అక్కడే ఆపాను.

మీరంతా ఆమె ఎవరా అని వారం రోజులు ఆగారు. నేను మాత్రం ఆ పూట వెంటనే లేచి పోలేకపోయాను. ఎట్లా పోతాను, చేతులు మోచేతుల దాకా కొబ్బరినూనె! శనివారం వెలుగుతోటలో తలల రోజు. వరండాలో మెట్టుకు ఒకరు చొప్పున కూర్చుంటారు, నా ముందు ఒకతి, ఆమె ముందు ఇంకొకతి, ఒకరి తల ఒకరం దువ్వుకుంటూ రైలుపెట్టెల్లా ఉంటాం. పెద్దపిల్లల చేతిలో పేలదువ్వెన, చిన్నపిల్లల చేతిలో రిబ్బన్లు. "ఆంటీ, గట్టిగ గుంజకు!" అని ఒకతి, "నాకు రెండు జడలే" అని ఇంకొకతి. వంటింట్లో ఇందిరమ్మ గిన్నెలకు సర్వపిండి అద్ది పొయ్యి మీద పెడితే ఆ నువ్వుల వాసనకు నా చేతిలో తలలు ఒక్కటీ నిలవవు. ఉద్యోగం చేసిన ఇన్నేళ్లలో నాకింత మంచి మధ్యాహ్నం దొరకలేదంటే నమ్మండి. మా బ్రాంచిలో ఏసీ ఉండేది, అంతే.

అదిగో అప్పుడు ప్రేమలత పరుగెత్తుకొచ్చింది. పదో తరగతి పిల్ల, వెలుగుతోటకు వార్తాపత్రిక.

"ఆంటీ, మేడం పిలుస్తాంది, జల్ది రా! దొంగ ముసల్ది వచ్చిందట. సహస్రను ఎత్కపోతదట!"

నాకు కోపం రావడానికి అంత కూడా అక్కర్లేదు. నూనె చేతులు పాత తువ్వాలుకు తుడుచుకుంటూనే ఆఫీసు గదిలోకి దూసుకుపోయాను.

లోపల కుర్చీలో కాకుండా నేల మీద కూర్చుని ఉంది ముసలామె. ఎర్రంచు నేత చీర, పక్కన అరటిపళ్ల సంచి. మేడం బల్ల వెనక నిటారుగా నిలబడి ఉంది. సహస్ర బీరువా పక్కన గోడకు అతుక్కుని, రిబ్బను కొస నోట్లో పెట్టుకుని నములుతోంది. నన్ను చూడగానే వచ్చి నా వెనక దాక్కుంది.

"చూడండి వాసంతిగారూ, ఈవిడ వాలకం!" అంది మేడం. ఆమె అరవదు, గొంతు తగ్గిస్తుంది, అదే భయం వేస్తుంది పిల్లలకు. "గేటు దగ్గర అడిగితే తన పేరు బాపమ్మ అంది. నేనే విన్నాను. ఇక్కడికొచ్చి ఆధార్ కార్డు చూపిస్తే అందులో మొగిలమ్మ అని ఉంది. ఇదేంటమ్మా అంటే బాపమ్మనే, మొగిలమ్మనే అంటోంది. సరే, పిల్లను పిలిచి ఈవిడ ఎదుటే అడిగాను. నాకు తెలియదు, కాదు పొమ్మంది. పాపం ఆడపిల్లలండీ వీళ్లు, ఊరూపేరూ సరిగ్గా చెప్పని మనిషి చేతిలో ఎలా పెడతాం?"

ఆ మాట నిజమే. పిల్లల ఇళ్లకు చుట్టాలమని వచ్చేవాళ్లందరూ చుట్టాలు కారు. నేను నడుం మీద చేతులు పెట్టుకుని మా వరంగల్ గొంతు బయటికి తీశాను.

"ఏం పెద్దమ్మా, పూటకో పేరు మార్చుకుంట తిరుగుతానవా? పోలీసోళ్లను పిలవాల్నా?"

ముసలామె తలెత్తింది. భయపడుతుందనుకున్నాను. ఎక్కడ! ఆమె కళ్లల్లో నాకున్నంత కోపమూ ఉంది.

"పేరు మార్చుడేంది? పుట్టినకాన్నుంచి నేను మొగిలమ్మనే. మా ఊర్ల ఎవలనన్న అడుగుపో!"

"మరి గేటు కాడ బాపమ్మనని ఎందుకు చెప్పినవ్?"

"బాపమ్మనే గద!" అని ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నా కొడుకు బిడ్డకు నేను బాపమ్మను గాకపోతే ఏమైత? మేనత్తనైతనా?"

నా చేతులు నడుం మీదినుంచి వాటంతటవే జారాయి. ఒక్క క్షణం ఆమెనూ, మేడాన్నీ మార్చి మార్చి చూశాను. ఆ తర్వాత నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది, ఆపుకోవడం నా వల్ల కాలేదు.

"మేడం, మీ తెనాలిలో బాపమ్మ అని పేర్లుంటాయా?"

"ఎందుకుండవూ? మా పెద్దత్తగారే బాపమ్మగారు. అందులో నవ్వేముందండీ?"

"మా దగ్గర అది పేరు కాదు మేడం. బాపు అంటే నాన్న. బాపును కన్న అమ్మ బాపమ్మ. మీరు నానమ్మ అంటారే, అదే. ఈమె పేరు మొగిలమ్మ, వరస బాపమ్మ. గేటు దగ్గర ఎవరమ్మా అంటే పిల్లకేమవుతుందో చెప్పింది, అంతే!"

మేడం తెల్లబోయింది. కానీ ఆమె అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు, వదలకూడదు కూడా.

"సరే, పేరు గొడవ నా పొరపాటే. మరి పిల్ల మాటేమిటి? నేను ఒకటికి రెండుసార్లు అడిగాను. ఎవరి కోసమైతే ఏడాదిగా ఎదురుచూస్తోందో ఆ మనిషిని గుర్తుపట్టదా?"

"ఏమని అడిగారు?"

"పిల్లకు అర్థమయ్యేలాగానే. 'ఈవిడ మీ అవ్వేనా' అని." ఆ మాట ఆమె కొంచెం గర్వంగానే అంది. "ఇక్కడి మాటలు నేనూ నేర్చుకుంటున్నానండీ."

నా నవ్వు అక్కడ ఆగిపోయింది.

కొత్తవాడలో మా పుట్టిల్లు మగ్గాల ఇల్లు. ఇంటరుకు వచ్చేదాకా నేను మా అమ్మను అమ్మా అని పిలవనే లేదు. "అవ్వా, ఆకలైతాందే," "అవ్వా, ఫీజు కట్టాలె" అనేదాన్ని. కాలేజీలో నలుగురూ నవ్వుతారని తర్వాత అమ్మ అయింది. ఈ మధ్య పేపర్లలో, టీవీల్లో అవ్వ అంటే నెరిసిన జుట్టు ముసలామె అయి కూర్చుంది. దారిన పోయే పెద్దామెనూ అవ్వా అనే పిలుస్తాం మేమూ. కానీ ఊళ్లలో, మగ్గం గుంటల మధ్య పెరిగిన పసిపిల్ల మా అవ్వ అందంటే ఒక్కటే అర్థం. నేను చేరిన మొదటి రోజున "ఈ పాప వాళ్ల నానమ్మ కోసం చూస్తోందండీ" అని మేడం చెప్పింది, నేను తల ఊపాను. తోటిపిల్లలకు తెలిసే ఉంటుంది. వాళ్లనెవరు అడిగారు?

"మేడం," అన్నాను. "వీళ్ల ఇళ్లలో అవ్వంటే అమ్మ. మీ అమ్మేనా అని మీరడిగారు. కాదని పిల్ల నిజమే చెప్పింది."

ఆమె కుర్చీ కోసం వెనక్కి తడుముకుని కూర్చుంది.

"అయితే... మా అవ్వ వస్తది, మా అవ్వ వస్తది అన్నదంతా..."

"అమ్మ వస్తుందనే మేడం."

"రోజూ సాయంత్రం ప్రార్థనలో దీని చేత 'నానమ్మను క్షేమంగా తీసుకురా ప్రభువా' అనిపిస్తున్నానండీ నేను!" ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుంది. "చెప్పినట్టే అనేది. ఎవరి కోసం చేస్తున్నానని అనుకుందో ఏమో. అమ్మ లేని పిల్ల అని అందరికీ నేనే చెప్పాను."

నాకు ఆమె మీద జాలేసింది. తప్పు ఆమెదని అనబుద్ధి కాలేదు. ముందు కావలసింది వేరే ఉంది. నా వెనకనుంచి సహస్రను ముందుకు లాగి, దాని ఎదురుగా గొంతుకూర్చున్నాను.

"బిడ్డా, మల్ల సూడు. ఈమె మీ అవ్వ గాదు, నాకెర్కే. మీ బాపమ్మనా?"

పిల్ల రిబ్బను నమలడం ఆపి తేరిపార చూసింది.

"మా బాపమ్మకు కొప్పుంటది," అంది చివరికి. "ఇంత పెద్దది."

మొగిలమ్మ తల మీది కొంగు వెనక్కి తోసింది. నున్నటి గుండు మీద గోధుమగింజ పొడవున తెల్లవెంట్రుకలు మొలుస్తున్నాయి.

"ఏములాడ రాజన్నకు ఇచ్చిన బిడ్డా. నువ్వు దొరుకాలెనని మొక్కి ఇచ్చిన."

పిల్ల ఆ గుండును చూసి ఇంకా బెదిరి, నా చీర కుచ్చెళ్లు రెండు చేతులా పట్టుకుంది. కాదన్నట్టు తల ఊపింది. మేడం నా వైపు చూసింది, నేను గోడ వైపు చూశాను. పిల్ల కాదన్నాక మేమేం చేయగలం? సోమవారం ప్రయాణం తప్పేట్టు లేదు.

మొగిలమ్మకు అప్పుడొచ్చింది అసలు కోపం. లేచి నిలబడి చేతులు తిప్పుతూ మొదలుపెట్టింది.

"ఆహా, ఏం సుద్దపూసవే! ఏమెరుగనట్టు నిలబడ్డది సూడుండ్రి! నా పొత్తికడుపుల కాళ్లు వెట్టి తన్నుకుంట పండుకున్నప్పుడు బాపమ్మ కావాల్నా? చక్కెర డబ్బ మొత్తం బోర్లేసి, పిల్లి జేసిందని చెప్పినప్పుడు బాపమ్మ కావాల్నా? ఇయ్యాల గుండుంటె కాకుంట పోయిన్నా? సుద్దపూస! కడిగిన సుద్దపూస!"

నా కుచ్చెళ్ల మధ్యనుంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. ఏడుస్తోందనుకుని వంగాను. నవ్వుతోంది! నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేట్టు నవ్వుతోంది. వెలుగుతోటకు వచ్చాక ఆ పిల్ల అట్లా నవ్వడం మేమెవరం చూడలేదు.

"పిల్లే చేసింది," అంది సహస్ర.

"ఎవతి?"

"చక్కెర. పిల్లే చేసింది బాపమ్మా."

ముసలామె కూలబడినట్టు కూర్చుని రెండు చేతులూ చాపింది. పిల్ల వెళ్లి మొదట ఆ గుండును ఒక వేలితో తాకి చూసింది. గరుగ్గా ఉందేమో, మళ్లీ తాకింది. తర్వాత ఒళ్లో కూర్చుని, నిన్న వదిలిన కబురు అందుకున్నట్టు అడగడం మొదలుపెట్టింది. మగ్గం గుంటల పిల్లి ఉన్నదా? ఉన్నది, పిల్లలు గూడ పెట్టింది. తాత దగ్గుతాండా? దగ్గుతాండు, ఎవలు మాన్పుతరు. నా పీట ఎవలన్న తీసుకున్నరా? నీ పీట ముట్టే ధైర్యం ఎవలికున్నదే!

మేడం ఫోను చేతిలోకి తీసుకుని వరండాలోకి పోయింది. సోమవారం ప్రయాణం ఆపమని, నానమ్మ వచ్చిందని, పిల్ల గుర్తుపట్టిందని, విచారణ చేసి అప్పగించాలని ఎవరికో చెబుతోంది. ఎప్పుడూ తగ్గే ఆ గొంతు ఇవాళ గేటు దాకా వినపడుతోంది. ప్రేమలత తలుపు సందులోంచి అంతా చూసి వార్త మోసుకుపోయినట్టుంది, వరండాలో ఒకటే గోల, చప్పట్లు. ఇందిరమ్మ సర్వపిండి ముక్కలు పళ్లెంలో పెట్టి మొగిలమ్మకు పంపించింది. ఆమె కాదు కాదంటూనే మొత్తం తిన్నది. పొద్దుటినుంచి ఏమీ తినలేదట. బస్టాండులో చాయ్ అమ్మే ఆమె "గసొంటి పొల్లను ధర్మసాగర్ దిక్కు తీస్కపోయిండ్రు" అని చెబితే అట్నుంచి అటే వచ్చిందట.

ఆ పూట కథ అక్కడ ముగిసినా నాకు చాలు. కానీ మేడం లోపలికొచ్చి, సహస్రను సర్వపిండికని ప్రేమలత వెంట పంపి, తలుపు దగ్గరికి వేసింది.

"మొగిలమ్మగారూ, ఒక్క మాట. పిల్ల వాళ్లమ్మ ఎక్కడుందండీ?"

మొగిలమ్మ చేతులు కడుక్కున్న నీళ్లు చీరకు తుడుచుకుంది.

"బొంబాయి దిక్కు భీవండిల," అంది. "నా కొడుకు ఆడ మరమగ్గాల మీద పనికి పోయిండు. జరమొచ్చి పానం పోయింది. కోడలు సునీత ఆడనే కండెలు చుట్టుకుంట బతుకుతాంది. నేను దుఃఖంల అనరాని మాటలన్న. నీ వల్లనే నా కొడుకు పోయిండన్న. అప్పట్నుంచి మాకు మాటల్లేవు."

"మరి పిల్ల?"

"షెడ్డుల చిన్నపొల్లను ఉంచుకోనిస్తలేరని నా కాడికి పంపిందట. మా ఊరి గుండయ్య లేడా, ఆడనే పనిచేస్తడు, ఊరికి వస్తాంటె ఆయన చేతుల పెట్టి పంపిందట. నాకు తెల్వది బిడ్డా! నాకెవలూ చెప్పలే, పొల్ల నా కాడికి రానే లేదు. ఆయనేమో నీ బిడ్డను అత్తకు అప్పజెప్పిన, మంచిగున్నదని దానికి చెప్పుకుంట వచ్చిండట. రాఖీ పున్నానికి కోడలు ఉండబట్టక నాకు ఫోన్ జేసింది. 'అత్తా, పొల్ల ఎట్లున్నది' అన్నది. నా పై పానం పైననే పోయింది."

"ఏం చెప్పావు?" అన్నాను.

"మంచిగున్నదన్న." ఆమె తల దించుకుంది. "లేదని ఎట్ల చెప్పాలె? ఆడ ఒక్కతే ఉన్నది, ఏ బాయిలనన్న దుంకుతదని భయమైంది. ఆదివారమొస్తె ఫోన్ జేస్తది, పొల్లకియ్యి అంటది. ఆడుకోను పోయింది అన్న. పండుకున్నది అన్న. ఇగ ఊరూరు తిరిగిన. గుండయ్యను నిలదీసినా, పోలీసులకు చెప్పినా దానికి తెలుస్తదని ఎవలికీ చెప్పలే. ఇప్పుడు కోడలు బతుకమ్మకు బయలెల్లింది. రేపు పొద్దుగాల కాజీపేటల దిగుతది. ఇయ్యాల పొల్ల దొరక్కపోతె నేను ఏ మొకం పెట్టుకుని..."

మేడం వంగి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "దొరికిందిగా. ఇంకేం ఫికర్ పెట్టుకోకండి" అంది. ఫికర్ అన్న మాట ఆ తెనాలి నోట్లో భలే ముద్దుగా పలికింది, నేను నవ్వబోయాను.

మొగిలమ్మ ఒళ్లోని చిన్న ఫోను మోగింది. ఆమె తెరను చూసి నా చేతికిచ్చింది. కోడలే.

ఇంక మాకెవరికీ ఆలోచన లేదు. ఏడాది తర్వాత తల్లికి బిడ్డ గొంతు వినిపించబోతున్నామన్న సంబరంలో నేనే గట్టిగా కేకేశాను. సహస్ర నోటినిండా సర్వపిండితో పరుగెత్తుకొచ్చింది. మొగిలమ్మకు ఫోన్లో మాట సరిగా వినపడదని స్పీకరు పెట్టాను. రైలు చప్పుడు గదంతా నిండింది.

"అత్తా, పొల్లకియ్యవా? ఇయ్యాలన్న ఇయ్యి."

"అవ్వా!" అంది సహస్ర.

అవతల గుటక మింగిన చప్పుడు. "సాసూ? నా బిడ్డవేనా? మాట్లాడు బిడ్డా, ఇంకోపారి మాట్లాడు!"

"ఎప్పుడొస్తవే అవ్వా?"

"రైలెక్కిన తల్లీ, రేపు పొద్దుగాల్ల వస్తున్నం. నేను, గుండయ్య మామ. బాపమ్మ మంచిగ చూసుకుంటాందా?"

మొగిలమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను పిల్ల నోటికి అడ్డం పడేలోపే అది చెప్పేసింది.

"బాపమ్మ ఇయ్యాలనే వచ్చింది. గుండు చేయించుకున్నది."

"ఇయ్యాలనా? మల్ల ఇన్నొద్దులు ఎవలి కాడున్నవే?"

సహస్ర గొంతు చిన్నదైంది. తప్పు చేసి దొరికినట్టు రెండు చేతులతో ఫోను పట్టుకుని చెప్పింది.

"గుండయ్య మామ బస్టాండుల కూసోమన్నడు. మీ అవ్వ ఈడికే వస్తది, కదలకు అన్నడు. నేను కదల్లేదు అవ్వా. చీకటైనా కదల్లేదు. వాళ్లే ఎత్కొచ్చిండ్రు."

రైలు చప్పుడులో సునీత గొంతు ఫోనుకు దూరంగా, పక్కన ఉన్న ఎవరినో అడుగుతూ వినిపించింది. "అన్నా, నా బిడ్డ ఏమంటాంది?"

"ఫోన్ ఇటియ్యి," అన్నాడు ఒక మగమనిషి.

లైను తెగిపోయింది.

వెంటనే నేను మళ్లీ కలిపాను. స్విచ్ ఆఫ్. మేడం తన ఫోన్లోంచి కలిపింది. స్విచ్ ఆఫ్. సహస్ర మా ముఖాలు మార్చి మార్చి చూసి, "అవ్వకు కోపమొచ్చిందా ఆంటీ?" అని అడిగింది. రాలేదు బిడ్డా అని దాన్ని ఎత్తుకున్నాను. కాజీపేట చేరడానికి ఆ రైలుకు ఇంకా రాత్రంతా ఉంది. ఆ రాత్రంతా సునీత వాడి పక్కనే కూర్చుని రావాలి.